శీతకాలపు హైవే ప్రయాణానికి చేతి సీబీ రేడియో: బయలుదేరక ముందే చూసుకోవలసిన జాగ్రత్తలు

డిసెంబరు సెలవులు వచ్చాయంటే అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు చాలామటుకు రెండు మూడు కార్లుగా కలిసి దూరప్రయాణాలకు బయలుదేరుతాయి. డెన్వర్ వైపు నుంచి సాల్ట్ లేక్ సిటీకో, అక్కడి నుంచి కాలిఫోర్నియాకో ఐ-80 మీదుగా వెళ్ళేవారు వయోమింగ్‌లో లారమీకి, రాలిన్స్‌కి మధ్య ఉన్న సుమారు 100 మైళ్ళ దారిని తేలికగా తీసుకోకూడదు. ఎల్క్ మౌంటెన్ పక్కన వీచే గాలికి నేలమీది మంచు లేచి, పైన ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎదుటి వాహనం కనిపించకుండా పోతుంది. ఖాళీ ట్రెయిలర్లు పక్కకు ఒరిగిపోతాయి. గేట్లు దించి రోడ్డును గంటల తరబడి మూసేస్తారు. ఇటువంటి చోట ఫోనులోని మ్యాప్ ఎర్రగీత చూపేలోపు, ఆ ప్రమాదాన్ని ఇప్పుడే దాటి ఎదురుగా వస్తున్న ట్రక్కు డ్రైవరు దాని గురించి సీబీలో (సిటిజన్స్ బ్యాండ్, అంటే దారిలో ట్రక్కులవారు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలో) చెప్పేస్తాడు. చేతి సీబీ సెట్టు కొనుక్కోవడానికి నా దృష్టిలో అసలైన కారణం ఇదే. ఇది మీకు ముందుదారి సంగతి వినిపించే చెవి. ఆపదలో మిమ్మల్ని కాపాడే సాధనంగా దానిమీద ఆధారపడితే మాత్రం మోసపోతారు.

అమెరికాలో 27 మెగాహెర్ట్జ్ దగ్గరి ఈ సామాన్యుల రేడియో 1958లో మొదలైంది. 1977 నుంచి దానికి 40 ఛానెళ్ళు ఉన్నాయి. 1983 నుంచి విడిగా లైసెన్సు తీసుకునే పని లేదు. మామూలు ఏఎమ్ పద్ధతిలో ప్రసార శక్తి 4 వాట్లకు మించకూడదు, దానికి బూస్టరు తగిలించడం చట్టవిరుద్ధం. 2021లో ఎఫ్‌ఎమ్ పద్ధతికి కూడా అనుమతి వచ్చింది గనుక కొత్త సెట్లలో రెండూ ఉంటున్నాయి. అయితే హైవే మీది ట్రక్కులవారు మాట్లాడేది ఇప్పటికీ ఏఎమ్‌లోనే. పొరపాటున ఎఫ్‌ఎమ్‌లో ఉంచి, "ఎవరూ పలకడం లేదు, సెట్టు పాడైంది" అనుకునేవారు కొందరున్నారు; తెరమీద ఏ అక్షరాలు ఉన్నాయో ఇంటి దగ్గరే చూసుకోండి.

కొనేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, కనబడిన ప్రతి వాకీటాకీనీ సీబీ అనుకోవడం. పిల్లల ఆటవస్తువుల పక్కన జంటలుగా అమ్మే సెట్లు ఎఫ్‌ఆర్‌ఎస్ (దగ్గరి దూరాలకు కుటుంబాలు వాడే రేడియో) రకానివి; చవకగా దొరికే చిన్న హామ్ (రేడియో అభిరుచి ఉన్నవారు వాడే) సెట్లు వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ అనే వేరే పట్టీలలో పనిచేసే రకానివి. ఈ రెండింటిలోనూ ట్రక్కుల మాటలు వినిపించవు, ఎందుకంటే అవి 27 మెగాహెర్ట్జ్‌కు చేరవు. మీ రెండు కార్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడమే కావాలనుకుంటే సీబీ కంటే ఎఫ్‌ఆర్‌ఎస్ సెట్లు, వాటిలాంటివే అయినా లైసెన్సు కావలసిన జీఎమ్‌ఆర్‌ఎస్ సెట్లే మేలు. జీఎమ్‌ఆర్‌ఎస్‌కు 35 డాలర్లతో 10 ఏళ్ళ లైసెన్సు వస్తుంది, ఒక్కరు తీసుకుంటే కుటుంబమంతా వాడుకోవచ్చు. ముందుదారి సంగతి వినాలంటే మాత్రం సీబీ తప్పదు. చేతి సెట్లలో బయటి యాంటెన్నా తగిలించడానికి వీలుగా ఊడదీయగల కనెక్టరు, కారు 12 వోల్టుల సాకెట్టు నుంచి కరెంటు తీసుకునే ఏర్పాటు, వాతావరణ శాఖ ప్రసారాలు వినిపించే ఛానెళ్ళు, ఈ మూడూ ఉన్నదానినే తీసుకోండి. మిడ్‌లాండ్ 75-822 వంటి సెట్లకు కారులో బిగించుకునే అడాప్టరు కూడా వస్తుంది. 162 మెగాహెర్ట్జ్ దగ్గరి ఆ ఏడు వాతావరణ ఛానెళ్ళలో మనం మాట్లాడలేము, వినగలము; మంచు తుపాను హెచ్చరికకు అది చాలు.

ఇక యాంటెన్నా సంగతి. మిగతా అన్నిటికంటే దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చేతి సెట్టు కొన్నవారిలో చాలామంది నిరాశపడేది ఇక్కడే. సీబీ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. దానికి సరిగా పనిచేసే పావు తరంగపు కడ్డీ సుమారు 2.7 మీటర్లు, అంటే 9 అడుగులు ఉండాలి. సెట్టుతో వచ్చే రబ్బరు యాంటెన్నా దానిముందు చాలా పొట్టిది. ఆ పొట్టి కడ్డీతో, చుట్టూ ఇనుప రేకు ఉన్న కారు లోపల కూర్చుని మాట్లాడితే 4 వాట్లలో బయటికి వెళ్ళేది బహు తక్కువ. నేను మొదటిసారి ఐ-80 మీద వెళ్ళినప్పుడు సెట్టు ఒళ్ళో పెట్టుకుని గంటసేపు పిలిచాను. కంటికి కనబడుతున్న ట్రక్కు కూడా పలకలేదు. తరువాత ఒక ట్రక్ స్టాప్‌లో అయస్కాంతపు అడుగున్న మూడడుగుల యాంటెన్నా కొని కారు కప్పు మీద పెట్టి, దాని తీగ సెట్టుకు కలిపాక, అదే సెట్టులో నాలుగైదు మైళ్ళ అవతలి మాటలు స్పష్టంగా వినిపించాయి. కనుక సెట్టుకు ఎంత ఖర్చుపెట్టినా, బయటి యాంటెన్నాకు కొంత డబ్బు తప్పక పక్కన పెట్టుకోండి.

అయితే అయస్కాంతం అంటుకోవాలంటే కప్పు ఉక్కుది కావాలి. ఇప్పుడు మనవాళ్ళు ఎక్కువగా నడుపుతున్న టెస్లా మోడల్ వై వంటి కార్లకు గాజు కప్పు, కొన్ని పికప్ ట్రక్కులకు అల్యూమినియం రేకు. వాటికి డిక్కీ అంచుకు స్క్రూలతో బిగించే క్లాంపు రకం కావాలి, ఆ క్లాంపు కారు మీది రంగు పొర కిందున్న లోహానికి తగిలేలా కూడా చూడాలి. యాంటెన్నా పెట్టే చోట మట్టి, ఉప్పు లేకుండా తుడవండి. తీగను తలుపు నలగగొట్టని మూల నుంచి లోపలికి తెండి. పార్కింగ్ గ్యారేజీలోకి, కార్ వాష్‌లోకి వెళ్ళే ముందు యాంటెన్నా దించాలి.

అమర్చాక ఎస్‌డబ్ల్యూఆర్ కొలవకుండా ఎక్కువసేపు మాట్లాడకండి. సెట్టు పంపిన శక్తిలో ఎంత యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగివస్తోందో తెలిపే కొలత అది, 1.5 దగ్గర ఉంటే మంచిది, 2 దాటితే సరిచేయాలి, 3 దాటితే సెట్టు లోపలి ట్రాన్సిస్టరుకు ప్రమాదం. 1, 19, 40 ఛానెళ్ళ మీద మీటరుతో చూడండి. 40లో ఎక్కువగా ఉంటే కడ్డీ పొడవు తగ్గించాలి, 1లో ఎక్కువగా ఉంటే పెంచాలి. యాంటెన్నా లేకుండా మాట్లాడే బటన్ ఒక్కసారి కూడా నొక్కకూడదు. ప్రసారమవుతున్నప్పుడు కడ్డీని చేత్తో ముట్టుకుంటే చర్మం కాలవచ్చు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పండి.

బ్యాటరీల విషయంలో చలిని లెక్కలోకి తీసుకోవాలి. మామూలు ఆల్కలైన్ సెల్స్ గడ్డకట్టే చలిలో త్వరగా నీరసిస్తాయి. లిథియం ఏఏ సెల్స్ బాగా తట్టుకుంటాయి. ఒక అదనపు సెట్ బ్యాటరీలను చొక్కా లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోండి. కారులో ఉన్నంతసేపు సాకెట్టు నుంచే వాడండి. అలా వాడినప్పుడు గర్రుమనే చప్పుడు వస్తే దోషం సాధారణంగా సెట్టుది కాదు. పక్కనున్న ఫోన్ ఛార్జరునో డ్యాష్‌క్యామ్‌నో ఒక్కొక్కటిగా పీకి చూస్తే కారణం దొరుకుతుంది.

వినేటప్పుడు స్క్వెల్చ్ మీటను గరగర ఆగినంతవరకే తిప్పి, అక్కడే వదిలేయండి. నిశ్శబ్దం కోసం ఇంకా తిప్పితే దూరపు బలహీనమైన మాటలు కూడా మూసుకుపోతాయి, మనకు కావలసినవేమో అవే. ట్రక్కులవారి ఛానెల్ 19. పడమటి తీరంలో కొన్ని ఉత్తర దక్షిణ దారులలో 17 వాడతారు. అరగంట విన్నాకే మాట్లాడండి. ఎదుటివారు ఆగిన తరువాత బటన్ నొక్కి, ఒక అరక్షణం ఆగి, మైకును నోటికి రెండంగుళాల దూరంలో పెట్టుకుని మామూలు గొంతుతో చెప్పాలి. "పడమరగా వెళ్తున్నాను, మైల్ మార్కర్ 290 దగ్గరున్నాను, ఎల్క్ మౌంటెన్ దగ్గర రోడ్డు ఎలా ఉంది?" అని వెస్ట్‌బౌండ్, మైల్ మార్కర్ వంటి వాళ్ళ మాటల్లోనే అడిగితే జవాబు తేలికగా వస్తుంది. దిక్కు, మైలురాయి అంకె లేని ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు ఇవ్వలేరు. మీ రెండు కార్ల కబుర్లతో 19ని ఆక్రమించకుండా మరో ఛానెల్‌కు వెళ్ళండి.

సెట్టు పట్టుకునేది పక్క సీటులోనివారే కావాలి. చేతిలో పరికరాలు పట్టుకుని నడపడంపై చట్టాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి గనుక దాటబోయే ప్రతి రాష్ట్రం నియమం ముందే చూసుకోండి. చట్టం ఒప్పుకున్నా మంచు మీద రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి. ఛానెల్ 19లో బూతులు కూడా వినిపిస్తాయి, పిల్లలుంటే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. ఏ హోటల్లో దిగుతున్నారో, కారులో ఎవరెవరున్నారో చెప్పకండి, అది మైళ్ళ దూరం అందరికీ వినబడుతుంది. రోడ్డు పనుల దగ్గర పేలుడు ప్రాంతమని, రేడియోలు ఆపమని బోర్డు కనబడితే వెంటనే సెట్టు ఆపేయాలి. ఉరుములు మెరుపుల మధ్య యాంటెన్నా సరిచేయడానికి కారు దిగకూడదు.

కొన్ని పగళ్ళలో వందల మైళ్ళ దూరపు గొంతులు వచ్చి పక్క ట్రక్కు మాటను కూడా ముంచేస్తాయి. సూర్యుడి ప్రభావంతో ఆకాశపు పై పొర తరంగాలను వెనక్కి వంచడం వలన ఇలా అవుతుంది. మైలురాయి అంకె మీ దారికి సరిపోనప్పుడు ఆ సమాచారాన్ని నమ్మకండి.

నిజమైన ఆపదలో మొదట 911కే ఫోన్ చేయాలి. ఐఫోన్ 14, ఆ తరువాతి ఫోన్లలో సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా సందేశం పంపే వీలుంది. దానిని బయలుదేరే ముందే ఒకసారి డెమోలో చూసి నేర్చుకోండి. ఇవేవీ కుదరకపోతే అత్యవసరాలకు కేటాయించిన ఛానెల్ 9లో పిలవండి, కానీ ఒకప్పటిలా దానిని వినే స్వచ్ఛంద సేవకులు ఇప్పుడు అన్నిచోట్లా లేరు. జవాబు రాకపోతే 19కి మారి, దిక్కు, మైలురాయి, గాయపడినవారి సంఖ్య చెప్పి, తమ ఫోన్ నుంచి 911కు చేయమని అడగండి.

ఇంకొక్క మాట. ఈ సెట్టును ఊరికి వెళ్ళేటప్పుడు పెట్టెలో వేసుకోకండి. భారతదేశంలో లైసెన్సు లేకుండా అనుమతించిన పట్టీ 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకే. అమెరికా సెట్టులోని 28వ ఛానెల్ 27.285 మీద ఉంటుంది, అక్కడి నుంచి 40 వరకు అన్నీ ఆ హద్దు దాటినవే. ఆస్ట్రేలియాలోని బంధువులకూ ఇది పనికిరాదు, అక్కడి ట్రక్కులవారు 477 మెగాహెర్ట్జ్ యూహెచ్‌ఎఫ్ సీబీలో, 40వ ఛానెల్‌లో మాట్లాడుకుంటారు. ప్రయాణం అయ్యాక సెల్స్ తీసేసి, సెట్టునూ యాంటెన్నానూ ఇంట్లో పొడిచోట దాచుకోండి.