ఓవెన్‌లో సాల్మన్: మసాలా ముందుగా పొయ్యి మీద వేగాలి

చేపల పులుసు, వేపుడు అలవోకగా చేయగలిగినవారు కూడా సాల్మన్‌ను ఓవెన్‌లో పెట్టినప్పుడు ఒకే చోట ఇబ్బంది పడతారు. చేప సరిగ్గా ఉడికేసరికి మసాలా ఇంకా పచ్చివాసన వేస్తూ ఉంటుంది. మసాలా వేగేదాకా ఆగితే చేప ఎండిపోయి పీచు పీచుగా తయారవుతుంది. వంజరం ముక్కను పెనం మీద వేయించేటప్పుడు అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి నేరుగా కాగిన నూనెలో ఉంటాయి కాబట్టి అవి వేగవలసినంతగా వేగుతాయి. ఓవెన్‌లో వాటికి తగిలేది వేడిగాలి మాత్రమే, పైగా అంగుళం మందం ఉన్న సాల్మన్ ముక్క 12 నుంచి 14 నిమిషాలకు మించి ఆగదు. అందుచేత మసాలాను ముందుగా పొయ్యి మీద వేయించి, చల్లార్చి, ఆ తరువాతే చేపకు పట్టించాలి. ఈ ఒక్క మార్పు చేసుకుంటే మన ఇంటి రుచి, సాల్మన్‌కు సహజంగా ఉండే మెత్తదనం రెండూ దక్కుతాయి.

బెంగళూరు సముద్రానికి దూరం. ఇక్కడికి వచ్చే సముద్రపు చేప ఏదైనా మంచులో ప్రయాణం చేసి రావలసిందే కాబట్టి కొనేటప్పుడు కాస్త శ్రద్ధ అవసరం. ముందుగా తేల్చుకోవలసింది ఏ సాల్మన్ అన్నది. ఇండియన్ సాల్మన్ పేరుతో అమ్మే రావస్, అంటే మన కోస్తాలో మాగ అని పిలిచే చేప, పూర్తిగా వేరే జాతి. దాని కండ తెల్లగా ఉంటుంది, కొవ్వు తక్కువ. ఇక్కడ చెబుతున్నది నార్వే వంటి దేశాలలో పెంచి ఎగుమతి చేసే అట్లాంటిక్ సాల్మన్ గురించి. దాని కండ నారింజ రంగులో ఉండి, మధ్య మధ్యన తెల్లటి కొవ్వు గీతలు కనిపిస్తాయి. పెంపకపు సాల్మన్‌లో 100 గ్రాములకు సుమారు 13 గ్రాముల కొవ్వు, 20 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. ఆ కొవ్వు వల్లనే అది ఓవెన్ వేడికి వంజరం కన్నా బాగా తట్టుకుంటుంది. రావస్‌ను కూడా ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు కానీ నూనె ఇంకొక చెంచా ఎక్కువ వేసి, రెండు నిమిషాల ముందు నుంచే గమనిస్తూ ఉండాలి.

ఐదుగురు తినే భోజనానికి తోలుతో ఉన్న ఫిల్లెట్, అంటే నడిమి ముల్లు తీసేసిన పొడవాటి కండ ముక్క, 800 గ్రాములు సరిపోతుంది. తోలు తీయించకూడదు. ట్రే వేడి నేరుగా కండకు తగలకుండా అది అడ్డుపడుతుంది, వడ్డించేటప్పుడు దానంతట అదే విడిపోతుంది. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి రావాలి, నీచు వాసన ఘాటుగా ఉండకూడదు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ప్యాకెట్ తెచ్చుకుంటే ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వాలి. ఇక్కడ ఒక జాగ్రత్త చాలామందికి తెలియదు: గాలి తీసి మూసిన ప్యాకెట్‌ను కరగడానికి పెట్టేముందే కత్తిరించి తెరవాలి. గాలి చొరబడని చోట పెరిగి, ఆహారాన్ని ప్రాణాంతకమైన విషంగా మార్చే బొటులిజం బ్యాక్టీరియాలో ఒక రకం ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగలదు. సింక్‌లోనో, వంటగట్టు మీదో గంటల తరబడి కరగబెట్టడం మంచిది కాదు.

ఇంట్లో పెద్దవారు, చిన్నపిల్లలు ఉన్నప్పుడు ముళ్ల సంగతి ముందే చూసుకోవాలి. ఫిల్లెట్ మీద తల వైపు నుంచి మధ్య వరకు వేలి కొనను మెల్లగా జరుపుతూ పోతే, కండలో దాగి ఉన్న సన్నటి ముళ్ల కొనలు ఒక వరుసలో చేతికి తగులుతాయి. వాటిని చిన్న పట్టకారుతో, అవి వాలి ఉన్న దిశలోనే లాగాలి. నిట్టనిలువుగా లాగితే కండ చిరుగుతుంది. ఆ తరువాత సుమారు 160 గ్రాముల చొప్పున ఐదు ముక్కలు చేసుకోవాలి. తోక వైపు ముక్క పలుచగా ఉంటుంది కాబట్టి దాని కొనను కిందికి మడిచి మిగిలినవాటితో సమానమైన మందం వచ్చేలా అమర్చుకోవాలి.

చేపను ఉప్పు, పసుపు, నిమ్మరసం వేసి నాలుగైదు సార్లు రుద్ది కడగడం మనకు అలవాటు. ఫిల్లెట్‌కు అంత కడుగుడు అవసరం లేదు, పైగా ఆ నీటి తుంపరలు పక్కనున్న కూరగాయల మీద, గిన్నెల మీద పడతాయి. దానికి బదులు ఒక లీటరు చల్లటి నీటిలో మూడు టేబుల్ స్పూన్ల ఉప్పు కరిగించి, ముక్కలను 15 నిమిషాలు అందులో ఉంచాలి. ఉప్పు కండలోకి కొద్దిగా దిగి, వేడికి అది తన నీటిని ఎక్కువగా వదలకుండా చేస్తుంది. బయటికి తీశాక కాగితపు రుమాళ్లతో అన్ని వైపులా అద్ది పొడిగా చేయాలి. తడి మిగిలితే మసాలా అంటుకోకుండా జారిపోతుంది.

ఇక మసాలా. చిన్న మూకుడులో రెండు టేబుల్ స్పూన్ల నువ్వుల నూనె వేడి చేసి, ఒక రెమ్మ కరివేపాకును సన్నగా తరిగి వేయాలి. అది చిటపటలాడిన వెంటనే ఒకటిన్నర టీస్పూన్ల అల్లం వెల్లుల్లి ముద్ద వేసి, మంట బాగా తగ్గించి కలుపుతూ ఉండాలి. మొదట ముద్ద నూనెను పీల్చుకుని మూకుడు అడుగున అంటుకోబోతుంది. అప్పుడు ఒక చెంచా నీళ్లు చిలకరిస్తే మాడకుండా ఉంటుంది. మూడు నాలుగు నిమిషాలకు ముద్ద లేత గోధుమ రంగుకు తిరిగి, అంచుల వెంట నూనె విడిగా కనిపిస్తుంది, ముక్కుకు తగిలే ఘాటు కూడా తగ్గుతుంది. అప్పుడు పొయ్యి ఆపేసి, ఆ వేడిలోనే ఒక టీస్పూను కారం, ఒక టీస్పూను ధనియాల పొడి, అర టీస్పూను జీలకర్ర పొడి, అర టీస్పూను మిరియాల పొడి, పావు టీస్పూను పసుపు వేసి కలపాలి. పొడులకు ఆ మాత్రం వేడి చాలు, మంట మీద ఉంచితే కారం నల్లబడి చేదెక్కుతుంది. ముక్కలు ఇప్పటికే ఉప్పునీటిలో ఉన్నాయి కాబట్టి మసాలాలో ఉప్పు పావు టీస్పూనుకు మించకూడదు. గుంటూరు కారం వాడేవారు ఆ టీస్పూనులో సగం గుంటూరు, సగం కాశ్మీరీ కారం కలుపుకుంటే రంగు నిలుస్తుంది, చేప రుచి కారం కింద అణగిపోదు. మసాలా పూర్తిగా చల్లారిన తరువాతే ముక్కల పైభాగానికి, పక్కలకు పలుచగా పట్టించాలి. తోలు వైపు అవసరం లేదు.

నిమ్మరసం ఈ దశలో వేయకూడదు. పులుపు కండను పైపైన వండేస్తుంది. అరగంట నానితే ముక్క అంచులు తెల్లబడి, ఓవెన్‌లోకి వెళ్లకముందే పిండిపిండిగా మారతాయి. నిమ్మ వడ్డించేటప్పుడు పిండుకోవడానికే. బెల్లం, తేనె వంటివి వేసుకోవాలనుకుంటే చివరి మూడు నిమిషాల్లో పైన రాయాలి, లేకుంటే మాడతాయి.

కారం తినని పిల్లల కోసం రెండు ముక్కలు విడిగా చేయడం చాలా సులువు, పైగా బెంగళూరులో ఉన్నవారికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఇక్కడ కూరగాయల బండ్ల మీద సబ్బసిగె సొప్పు అని కట్టలు కట్టి అమ్మే ఆకు, మనం సోయకూర అనేది, నార్వే, స్వీడన్ దేశాలలో తరతరాలుగా సాల్మన్‌తో జత చేస్తూ వచ్చిన డిల్ ఆకే. కన్నడిగులు దీనిని అక్కి రొట్టెలో వేస్తారు. పిడికెడు ఆకును, కాడలు తీసేసి, సన్నగా తరిగి, ఒక టేబుల్ స్పూను కరిగిన వెన్న, చిటికెడు మిరియాల పొడి, నేతిలో వేయించిన రెండు వెల్లుల్లి రెబ్బలు కలిపి ముక్కల మీద రాస్తే చాలు. సాల్మన్ కొవ్వుకు ఆ ఆకు వాసన అమరినట్టు కొత్తిమీర కూడా అమరదని నా అభిప్రాయం. పెద్దవాళ్లు సైతం ముందుగా ఆ ముక్కలనే అడుగుతారు.

ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన కరెంటు పెట్టె) లేదా కన్వెక్షన్, అంటే వేడిగాలితో వండే సౌకర్యం ఉన్న మైక్రోవేవ్. ఓటీజీలో పై రాడ్, కింది రాడ్ రెండూ వెలిగేలా తిప్పి, 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 12 నిమిషాలు ఖాళీగా వేడెక్కించాలి. ఓవెన్ వేడెక్కకముందే ట్రే పెడితే చేప ఉడకడానికి బదులు నీరు వదులుతూ కూర్చుంటుంది. మీట మీద రాసిన డిగ్రీలు, లోపల నిజంగా ఉన్న డిగ్రీలు చాలా ఓటీజీల్లో ఒకటిగా ఉండవు కాబట్టి, లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోవడం ఉత్తమం. మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్‌లోనే వండాలి; ఇనుప ట్రే, ఫాయిల్ పెట్టి పొరపాటున కూడా మైక్రోవేవ్ మోడ్ నొక్కకూడదు.

ట్రే మీద బేకింగ్ పేపర్ పరిచి, కొద్దిగా నూనె రాయాలి. రొట్టెలు చుట్టడానికి అమ్మే పలుచని బటర్ పేపర్ అన్ని రకాలూ ఈ వేడికి పనికిరావు, ప్యాకెట్ మీద ఓవెన్ వేడికి తట్టుకుంటుందని రాసి ఉన్నదే తీసుకోవాలి. పేపర్ అంచులు రాడ్‌లకు తగలకుండా కత్తిరించాలి. ముక్కలను తోలు కిందికి ఉండేలా, ఒకదానికొకటి రెండు వేళ్ల ఎడంగా పెట్టి, ట్రేను నడిమి అరలో ఉంచాలి. మధ్యలో తిరగేయవలసిన పని లేదు.

రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కకు 12 నుంచి 14 నిమిషాలు పడుతుంది. అంతకంటే పలుచనివి 9 నిమిషాలకే చూడాలి. ఫ్రిజ్‌లోంచి నేరుగా వచ్చినవైతే రెండు నిమిషాలు కలుపుకోవాలి. ఇక్కడ గడియారం కన్నా చేపనే నమ్మాలి. చేప కండ పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరలను కలిపే సన్నటి పొర మాంసంలో ఉన్నదాని కన్నా చాలా తక్కువ వేడికే కరిగిపోతుంది. అందుకే ఉడికిన చేప రేకులుగా విడిపోతుంది, అందుకే ఇంకాస్త ఆగితే అంత త్వరగా ఎండిపోతుంది. అన్నిటికంటే మందమైన ముక్క మధ్యలో చిన్న కత్తి మొనను దించి, కొద్దిగా పక్కకు ఒత్తి చూడాలి. లోపల గాజులా మెరిసే ముదురు నారింజ రంగు పోయి, లేత గులాబీ రంగు వచ్చి, పొర పక్కకు సులువుగా జరిగితే అయినట్టే. గుచ్చి చూసే థర్మామీటర్ ఉంటే పని ఇంకా నిశ్చయంగా జరుగుతుంది. అమెరికా ఆహార భద్రతా నియమాల ప్రకారం చేప లోపలి వేడి 63 డిగ్రీలకు చేరాలి. హోటళ్లలో వంటవారు ఇంకా మెత్తగా ఉండడానికి 52, 55 డిగ్రీలకే తీసేయడం ఉంది కానీ, పెద్దవారు, పసివారు, గర్భిణులు కూర్చునే పంక్తిలో వడ్డించేది పూర్తిగా ఉడకాలన్నదే నా మాట. 60 డిగ్రీల వద్ద ట్రే బయటికి తీసి, మూత పెట్టకుండా మూడు నిమిషాలు వదిలితే లోపలి వేడి తనంతట తాను పెరుగుతుంది. చివర మరొకసారి గుచ్చి 63 చేరిందని చూసుకుని, చేరకపోతే ఒక నిమిషం తిరిగి లోపల ఉంచాలి.

ముక్కల పక్కలనుంచి తెల్లటి నురుగు వంటి చుక్కలు గడ్డకట్టి కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. అది కండలోంచి వచ్చే అల్బుమిన్ అనే ప్రోటీన్. చేప పాడైందని దాని అర్థం కాదు. అది చాలా ఎక్కువగా వస్తే మాత్రం వేడి ఎక్కువైందని గుర్తుపెట్టుకుని తరువాతిసారి రెండు నిమిషాలు తగ్గించాలి.

సాల్మన్ ఆగితే చల్లబడి గట్టిపడుతుంది కాబట్టి మిగిలిన వంటంతా ముందే సిద్ధం కావాలి. అన్నం, టొమాటో చారు, బెండకాయ వేపుడు బల్ల మీదికి చేరి, అందరూ చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు ట్రే ఓవెన్‌లోకి వెళ్తే సరిగ్గా సరిపోతుంది. వడ్డించేటప్పుడు అట్లకాడను కండకూ తోలుకూ మధ్యన దూర్చి ఎత్తితే తోలు పేపర్‌కే అంటుకుని ఉండిపోతుంది. పైన నిమ్మరసం పిండి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు పక్కన పెట్టాలి. ముళ్లు తీసినా, పిల్లల పళ్లెంలో పెట్టే ముక్కను ఒకసారి రేకులుగా విడదీసి చూడడం మంచిది.

మిగిలిన ముక్కలను రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో వంటింటి వేడి 32 డిగ్రీలు దాటిన రోజున ఒక గంటే గడువు. మూడు రోజులలోపు తినేయాలి. మరునాడు వాటిని ఓవెన్‌లో తిరిగి వేడి చేస్తే ఎండిపోతాయి. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, చేపను రేకులుగా చిదిమి అందులో వేసి, మూత పెట్టి సన్న సెగ మీద ఆవిరి వచ్చేదాకా వేడి చేసి, మిరియాల పొడి చల్లి దించితే చపాతీలోకి మంచి పొరటు అవుతుంది.