గింప్‌లో స్టైలైజ్ ఫిల్టర్ సరిగా రావట్లేదా? దాన్ని తిట్టే ముందు ఇవి చూడండి

గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌కి జీమిక్ (G'MIC) అనే ఫిల్టర్ల ప్లగిన్ తగిలించుకుంటే ఆర్టిస్టిక్ విభాగంలో స్టైలైజ్ అనే ఫిల్టర్ దొరుకుతుంది. మీ ఫొటోని వాన్ గో గీసినట్టో, జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ అచ్చు వేసినట్టో మార్చి చేతిలో పెడుతుంది. డబ్బులు కట్టక్కర్లేదు, మీ ఫొటో ఏ సర్వర్‌కీ పోదు, లెక్కంతా మీ కంప్యూటర్‌లోనే. అయినా మొదటిసారి వాడిన చాలామంది "ఏంటీ గజిబిజి" అనుకుని మూసేస్తారు.

ఇది ఏఐ కాదు, ఆ సంగతి ముందే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. 2015లో గాటిస్, ఎకర్, బెత్గె అనే ముగ్గురు పరిశోధకులు న్యూరల్ నెట్‌వర్క్‌తో ఒక బొమ్మ శైలిని ఇంకో బొమ్మకి ఎక్కించే పద్ధతి చూపించారు, ఆ తర్వాత వచ్చిన ఫోన్ యాప్‌లు చాలావరకు ఆ దారిలోవే. స్టైలైజ్ దారి వేరు. ఫ్రాన్స్‌లోని గ్రేక్ పరిశోధనశాలలో 2008 నుంచి తయారవుతున్న జీమిక్‌లో ఇదొక భాగం. ఇది ముందు మీ ఫొటో రంగుల్ని చిత్రకారుడి రంగులకి దగ్గర చేస్తుంది, తర్వాత ఆ చిత్రంలోంచి చిన్నచిన్న చదరపు ముక్కలు ఏరి, మీ ఫొటోలో ఎక్కడ ఏది సరిపోతుందో చూసి అతికిస్తుంది. పాతచీరల పేలికలతో బొంత కుట్టినట్టన్నమాట. అది ముఖమా, మబ్బా, గుడి గోపురమా అనేది దానికి తెలియదు. కింద చెప్పే తిప్పలు సగానికి సగం ఇక్కడినుంచే పుడతాయి.

పరీక్షకి ఫొటోలు కూడా ఆలోచించి తీసుకోండి. మేం చెన్నైలో ఉంటాం కాబట్టి నా దగ్గర మూడు రకాలున్నాయి: మైలాపూర్ కపాలీశ్వరుడి గోపురం (అంతా సన్నటి పని, ఖాళీ జాగా లేదు), మెరీనా దగ్గర ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్ (వెనక ఆకాశమంతా ఖాళీ), ఒక మనిషి ముఖం. ఈ మూడింట్లో దేని తిప్పలు దానివి. ఒక్క ఫొటో మీద చూసి ఫిల్టర్ మంచిదనో చెడ్డదనో తేల్చేస్తే అది తీర్పు కాదు.

సమస్య: అసలు మెనూలో జీమిక్కే కనబడట్లేదు

గింప్ 3.0, 2025 మార్చిలో వచ్చింది. 2.10కి చేసిన ప్లగిన్లు అందులో పనిచేయవు, పాత ఫోల్డర్ కాపీ కొట్టి లాభం లేదు. గింప్ 3కి చేసిన జీమిక్‌నే దింపుకోవాలి. చేత్తో ఫోల్డర్‌లో పెట్టేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి, 3.0లో ప్రతి ప్లగిన్ తన పేరే ఉన్న సబ్‌ఫోల్డర్‌లో ఉండాలి, లైనక్స్‌లో అయితే ఆ ఫైల్‌కి రన్ అయ్యే అనుమతి కూడా ఇవ్వాలి. ఫ్లాట్‌పాక్ (లైనక్స్‌లో యాప్‌లు వేసుకునే ఒక పద్ధతి) గింప్ వాడేవాళ్లు జీమిక్‌ని కూడా ఫ్లాట్‌పాక్ ఎక్స్‌టెన్షన్‌గానే వేసుకోవాలి, విడిగా వేసిన ఉబుంటు ప్యాకేజీని అది పట్టించుకోదు.

మెనూలో ఉంది గానీ బూడిద రంగులో నొక్కుడు పడకుండా ఉంటే ఫొటో ఇండెక్స్‌డ్ మోడ్‌లో (కొన్ని రంగుల జాబితాతోనే నడిచే పద్ధతి) ఉందేమో చూడండి. జిఫ్ ఫైళ్లకి ఇది మామూలే. ఇమేజ్ మెనూలో మోడ్‌ని ఆర్‌జీబీ చేస్తే సరి.

సమస్య: నా సొంత స్టైల్ ఇచ్చాను, ఏమీ మారలేదు

అన్నిటికంటే ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. వాన్ గోతో ఆడుకున్నాక ఎవరికైనా మనవాళ్ల బొమ్మ పెట్టి చూడాలనిపిస్తుంది, శ్రీకాళహస్తి కలంకారీనో, చేర్యాల నకాషీ బొమ్మో. స్టైల్ జాబితాలో కస్టమ్ స్టైల్ అని ఉంటుంది, స్టైల్ బొమ్మ పై లేయర్‌లో ఉందా కింద లేయర్‌లో ఉందా అనేదాన్ని బట్టి ఎంచుకోవాలి. అది ఎంచుకుంటారు, రెండు లేయర్లూ పెడతారు, ఆ స్టైల్ మాత్రం ఫొటోకి ఎక్కదు.

కారణం ఫిల్టర్ సెట్టింగుల్లో కాదు, జీమిక్ విండోలో ఇన్‌పుట్ లేయర్స్ అనే చిన్న డ్రాప్‌డౌన్‌లో ఉంది. అది మామూలుగా యాక్టివ్ మీద ఉంటుంది, అంటే మీరు ఎంచుకున్న ఒక్క లేయర్ మాత్రమే ఫిల్టర్‌కి అందుతుంది, రెండోది ఉన్నట్టే దానికి తెలియదు. దాన్ని ఆల్ చేయండి. మూడో లేయర్ ఏదైనా మిగిలి ఉంటే దాని కన్ను గుర్తు తీసేసి ఆల్ విజిబుల్ పెట్టండి. ఆ పక్కనే ఔట్‌పుట్ మోడ్ ఉంటుంది, దాన్ని న్యూ లేయర్స్ చేసుకుంటే అసలు ఫొటో చెడిపోకుండా ఉంటుంది. ఇన్ ప్లేస్‌లో వదిలేస్తే ఉన్న లేయర్ మీదే రాసేస్తుంది.

ఫొటోలో ఒక మూల మాత్రమే మారి మిగతాది అలాగే ఉందంటే ఎక్కడో సెలెక్షన్ మిగిలిపోయింది. కంట్రోల్, షిఫ్ట్, ఏ కలిపి నొక్కండి, పోతుంది.

సమస్య: గంటసేపు తిరుగుతోంది, లేదా గింప్ మూతపడిపోతోంది

ఫోన్ ఫొటో 4000 బై 3000 పిక్సెళ్లు ఉంటే 1.2 కోట్ల పిక్సెళ్లు. జీమిక్ ఒక్కో పిక్సెల్‌లో ఒక్కో రంగుకి 4 బైట్లు వాడుతుంది, మూడు రంగులకి కలిపి 144 మెగాబైట్లు, అదీ ఒక్క కాపీకే. లోపల లెక్కలకి అలాంటి కాపీలు చాలా కావాలి. పైగా ప్రతి ముక్కకీ జోడీ వెతకాలి. ఈ పనంతా సీపీయూ చేస్తుంది, మీరు వేలు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంటుంది. అది మీ తప్పూ కాదు, డ్రైవర్ తప్పూ కాదు.

మందు సులువే. ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్‌కి వెళ్లి వెడల్పు 1200కి తగ్గించండి, పని 11 రెట్లు తగ్గుతుంది. 8 జీబీ ర్యామ్ చాలదని కంప్యూటర్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి పరిగెత్తే ముందు ఇది చేసి చూడండి.

ప్రివ్యూ కూడా కొంత సమయం తింటుంది. కింద ప్రివ్యూ టిక్ తీసేసి, సెట్టింగులన్నీ సరిచేసుకున్నాక మళ్లీ పెట్టుకుంటే మీటలు (స్లైడర్లు) కదిపినప్పుడల్లా ఆగే బాధ తప్పుతుంది. ప్రివ్యూ మధ్యలో ఆగిపోతుంటే జీమిక్ సెట్టింగుల్లో ప్రివ్యూ టైమౌట్ ఉంది, పెంచుకోండి.

సమస్య: ప్రివ్యూలో అద్భుతం, అసలు ఫలితంలో ఇసుక చల్లినట్టు

ప్రివ్యూ మీ ఫొటోని చిన్నది చేసి దాని మీద లెక్క కడుతుంది. ముక్క సైజు పిక్సెళ్లలో ఉంటుంది కాబట్టి చిన్న బొమ్మలో అది పెద్ద కుంచె గీతలా కనిపిస్తుంది, అదే ముక్క 4000 పిక్సెళ్ల బొమ్మలో చుక్కంత అయిపోతుంది. రెండూ ఒకేలా రావాలని ఆశించడమే తప్పు. ఇక్కడా స్కేల్ తగ్గించడమే మందు. ప్రింట్‌కి పెద్ద సైజు కావాలంటే ఫిల్టర్ అయ్యాక పెంచుకోండి, కుంచె గీతలున్న బొమ్మ కొంచెం పెంచినా కంటికి పెద్దగా తేడా తెలియదు.

సమస్య: ముఖం గుర్తుపట్టలేం, ఆకాశం మచ్చలమయం

ముందే చెప్పా, దానికి ముఖమంటే ఏంటో తెలియదు. కలంకారీలో నల్ల అంచు గీతలు ఎక్కువ, ఆ గీత ఉన్న ముక్క బుగ్గ మీద పడిందంటే మనిషికి కొత్త మీసం వస్తుంది. ఫిడెలిటీ అనే మీటలు పెంచితే ఫలితం మీ ఫొటోకి దగ్గరగా ఉంటుంది. వాటిలో కోర్సెస్ట్ పెద్ద ఆకారాలకి, ఫైనెస్ట్ సన్నటి వివరాలకి. ముఖాలకి ముందు కోర్సెస్ట్‌ని పెంచి చూడండి, రెండూ ఒకేసారి లాగితే ఏది పనిచేసిందో తెలియదు. ఇంత చేసినా ముఖాలు నాకెప్పుడూ పూర్తిగా నచ్చలేదు. స్టైల్ వచ్చిన లేయర్‌కి లేయర్ మాస్క్ (లేయర్‌లో ఎక్కడ ఎంత కనబడాలో చెప్పే ముసుగు) పెట్టి, కళ్లు, నోరు దగ్గర బూడిద రంగు మెత్తటి బ్రష్‌తో రుద్దితే కింద ఉన్న అసలు ఫొటో సగం బయటికి వస్తుంది. నా లెక్కలో అన్ని మీటలకంటే ఇదే మేలు.

ఆకాశం సంగతి వేరు. మెరీనా ఫొటోలో ఖాళీ నీలానికి పోల్చుకోడానికి వివరమే లేదు, అందుకని ఒకే రకం ముక్క పదేపదే పడుతుంది. స్టైల్ బొమ్మలో కూడా కాస్త ప్రశాంతమైన జాగా ఉన్నది ఎంచుకోండి. గోపురం మాత్రం దాదాపు ఏ స్టైల్‌తోనైనా బాగానే వస్తుంది, అంత సన్నటి పనిలో ముక్క అటూ ఇటూ పడినా ఎవరూ పట్టుకోలేరు.

సమస్య: అరటాకులు గోధుమరంగులోకి పోయాయి

కలంకారీ గుడ్డలో ఎరుపు, నలుపు, ఆవపసుపు ఉండి పచ్చ లేకపోతే, ఫలితంలో పచ్చ ఎక్కడినుంచి వస్తుంది? అసలు ఫొటో లేయర్‌ని ఇంకో కాపీ తీసి అన్నిటికంటే పైన పెట్టి, దాని మోడ్‌ని ఎల్‌సీహెచ్ కలర్ చేయండి. గీతలు స్టైల్‌వి ఉంటాయి, రంగులు మీవి. ఒపాసిటీ తగ్గిస్తూ మీకు నచ్చిన చోట ఆపండి.

సమస్య: సన్నటి గళ్లు గళ్లుగా కనిపిస్తోంది

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోయేనా? అయితే వెతకడం ఆపండి. జేపెగ్ కుదింపు బొమ్మని 8 బై 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి పనిచేస్తుంది, గట్టిగా కుదిస్తే ఆ గళ్ల అంచులు మిగులుతాయి, ఫిల్టర్ వాటినీ వివరమే అనుకుని ముక్కలు అతికిస్తుంది. ఫొటో తీసినవాళ్లని డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఇవేవీ కాకపోతే జీమిక్ సెట్టింగుల్లో ఔట్‌పుట్ మెసేజెస్ అని ఉంటుంది, దాన్ని వెర్బోస్‌కి మార్చి గింప్‌ని టెర్మినల్ నుంచి తెరవండి, ఎక్కడ ఆగిందో అక్కడ రాస్తుంది. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపకుండా, ఫిల్టర్ కమాండ్‌ని కాపీ చేసే బటన్ ఆ విండోలోనే ఉంది, దానితో మీ సెట్టింగులన్నీ ఒకే వరుసలో వస్తాయి, అదీ ఫొటో సైజూ గింప్ వెర్షనూ కలిపి పంపండి.