అన్నం తగ్గించిన వారికి అవిసె పొడి

మొలగొలుకుల అన్నానికి అలవాటు పడిన నెల్లూరు ఇళ్లలో చక్కెర వ్యాధి వల్ల అన్నం సగానికి తగ్గించి, పప్పు కూడా మితంగా తింటున్న వారిని తరచుగా వేధించేది మలబద్ధకం. 100 గ్రాముల అవిసె గింజల్లో కార్బోహైడ్రేట్లు సుమారు 29 గ్రాములుంటే వాటిలో 27 గ్రాముల వరకు పీచే కాబట్టి, ఇక్కడ అవి బాగా పనికివస్తాయి.

100 గ్రాముల గింజలను నూనె లేకుండా సన్నని సెగపై చిటపటలాడే వరకు వేయించి, చల్లారాక, విడిగా వేయించిన 6 ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, 4 వెల్లుల్లి రెబ్బలు, తగినంత ఉప్పు చేర్చి పొడి కొట్టుకోవాలి. నలగని గింజలు చాలా వరకు అరగకుండానే బయటికి పోతాయి కనుక పొడి చేయడం తప్పనిసరి. మొదటి వారం రోజుకు ఒక చిన్న చెంచా, ఆపైన రెండు చెంచాలు గోరుచిక్కుడు వేపుడు మీద చల్లుకోవచ్చు. మజ్జిగలో కలిపినా బాగుంటుంది, నాకైతే వేపుడుతోనే రుచి. మన ఎండలకు ఈ పొడి త్వరగా మక్కు వాసన పడుతుంది కాబట్టి కొద్దికొద్దిగా చేసి ఫ్రిజ్‌లో ఉంచాలి.

నీళ్లు తక్కువగా తాగేవారికి మాత్రం ఇది మేలు చేయకపోగా మలబద్ధకాన్ని పెంచుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టరాదు.