ఎయిర్ మార్షల్ కెరీర్ వివరాలు ఎలా చదవాలి

కొత్త ఎయిర్ మార్షల్ (వాయుసేనలో చీఫ్ కింది ర్యాంకు) బాధ్యతలు తీసుకున్న రోజు పేపర్లో ఒక పేరా వస్తుంది. కమిషన్ అయిన (అంటే ఆఫీసర్‌గా చేరిన) సంవత్సరం, ఎగిరిన గంటలు, చేసిన పదవులు, చివర్లో పతకాలు. చాలామంది పతకాలు చూసి పేజీ తిప్పేస్తారు. అలా వదిలేయకండి, ఆ నాలుగు లైన్లలో ఒక మనిషి దాదాపు నలభై ఏళ్ల సర్వీసు ఉంది.

ముందు కమిషన్ తేదీ పట్టుకోండి. రెండేళ్లకు ఫ్లైట్ లెఫ్టినెంట్, ఆరేళ్లకు స్క్వాడ్రన్ లీడర్, పదమూడేళ్లకు వింగ్ కమాండర్, ఇక్కడి దాకా ర్యాంకు సర్వీసును బట్టి వచ్చేస్తుంది. పైకి వెళ్లేవాళ్లకు గ్రూప్ కెప్టెన్ నుంచి ప్రతి మెట్టూ ఎంపికే, అక్కడ చాలామంది మంచి ఆఫీసర్లు ఆగిపోతారు.

తర్వాత వెతకాల్సింది ఏ స్క్వాడ్రన్‌కి (విమానాలు, పైలట్లు ఉండే దళానికి), ఏ ఏడాది కమాండింగ్ ఆఫీసర్‌గా ఉన్నారన్నది. నా దృష్టిలో మొత్తం పేరాలో అసలు లైన్ ఇదే, ఎందుకంటే తనూ ఎగురుతూ, తన పైలట్లనూ పంపుతూ, ఎవరైనా తిరిగి రాకపోతే ఆ ఇంటివాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన పదవి అది. బీఎస్ ధనోవా విషయమే చూడండి. 1999 కార్గిల్ యుద్ధంలో ఆయన వింగ్ కమాండర్, మిగ్-21లు నడిపే 17వ స్క్వాడ్రన్ ఆయన చేతిలో ఉంది, కొండల మీద రాత్రి దాడులకు స్వయంగా వెళ్లారు. 2016 డిసెంబర్ 31న వాయుసేన చీఫ్ అయ్యారు. ఆ పదిహేడేళ్లకూ పునాది ఆ స్క్వాడ్రన్‌లోనే కనిపిస్తుంది నాకు.

పతకాల్లో ఒక తేడా గుర్తుంచుకోండి. పరమ విశిష్ట, అతి విశిష్ట సేవా పతకాలు సుదీర్ఘమైన, గొప్ప సేవకు ఇస్తారు, యుద్ధ సేవా పతకం యుద్ధ సమయంలో చేసిన పనికి. యుద్ధంలో చూపిన ధైర్యానికి ఇచ్చే వీర చక్ర ఉంటే మాత్రం ఆగి, ఏ యుద్ధమో, ఆ రోజు ఏం జరిగిందో వెతికి చదవండి.

ఫైటర్ పైలట్లే చీఫ్ అవుతారనుకోకండి, 2007లో చీఫ్ అయిన ఫాలీ మేజర్ హెలికాప్టర్ పైలట్.

ప్రాక్టీసుకి మన హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్‌తో మొదలుపెట్టండి: 1978 నుంచి 1981 దాకా చీఫ్, జాగ్వార్ విమానాలు వాయుసేనలో చేరింది ఆయన హయాంలోనే, ఆ తర్వాత మహారాష్ట్ర గవర్నర్.