ఇంటి ప్లాను మనమే చదువుదాం – 4వ పాఠం: ప్లాను నలుగురికీ చూపించడం

గదుల లోపలి కొలతలు ఎలా రాసుకోవాలో మూడో పాఠంలో చూశాం. ఇప్పుడు ఆ కాగితాన్ని ఇంట్లోవాళ్ల ముందు, తెలిసినవాళ్ల ముందు పెట్టాలి. “ప్లాను ఎలా ఉంది?” అని అడిగితే “బాగుంది” అంటారు, లేదా “హాలు ఇంకాస్త పెద్దదైతే బాగుండేది” అంటారు. ఈ రెండు జవాబులతో ఒక్క గీత కూడా కదలదు. తప్పు వాళ్లది కాదు, అడిగిన ప్రశ్నది. ప్లాను మీద ఒక పని చేసి చూపించమని అడగాలి. ఈ పాఠమంతా దాని గురించే.

కాగితం సిద్ధం చేసుకోవడం

అంతస్తుకి ఒక కాగితం చాలు. 1:50 స్కేలులో గీస్తే ఎ3 కాగితం మీద సుమారు 60 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు ఉన్న ఇల్లు పడుతుంది. ఒక అడుగు 6 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. ప్రింటు తీసేటప్పుడు బొమ్మను కాగితానికి సరిపెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉండిపోతే స్కేలు చెడిపోతుంది, చూసి ఎవరూ కనిపెట్టలేరు. అందుకని ప్లాను కింద 10 అడుగులకు సమానమైన గీత, అంటే 61 మిల్లీమీటర్లది, ఒకటి గీసి ఉంచండి. ప్రింటు మీద దాన్ని కొలిస్తే విషయం తెలిసిపోతుంది. ఫోనులో ఫొటోగా పంపినప్పుడు కూడా మిగతా కొలతలన్నిటికీ ఆ గీతే ఆధారం.

కాగితం మీద తప్పకుండా ఉండాల్సినవి: ఉత్తరం బాణం, స్థలం హద్దులు, రోడ్డు ఎటు ఉందో, ప్రతి తలుపూ ఎటు తెరుచుకుంటుందో చూపే వంపు గీత, మెట్లు ఎక్కే దిశ, మూలలో తేదీ, ప్లాను నంబరు. తేదీ లేని ప్లాను ప్రమాదకరం. మూడోసారి మార్చాక రెండో ప్లాను చేతిలో పట్టుకుని ముగ్గుపోసే మేస్త్రీలు కొత్తేమీ కాదు.

తర్వాత అట్టముక్కలు కత్తిరించుకోండి. 5 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు మంచం పరుపు ఈ స్కేలులో 30 × 40 మిల్లీమీటర్లు. 2 అడుగుల లోతు అల్మరా 12 మిల్లీమీటర్లు. 5 × 3 అడుగుల భోజనాల బల్ల 30 × 18, దాని చుట్టూ కుర్చీ వెనక్కి లాగి లేవడానికి మరో 18 మిల్లీమీటర్ల ఖాళీ. ఫ్రిజ్‌కి 15 × 15 చాలు, కానీ దాని తలుపు తెరుచుకునే చోటు కూడా చూడాలి. సామాను లేని ఖాళీ గది ప్లానులో ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. ఈ ముక్కలు పెట్టగానే చాలా గదుల బండారం బయటపడుతుంది.

ఒక గదిని దగ్గరగా చూద్దాం

ప్లానులో పడకగది 11 × 10 అడుగులు అని రాసి ఉందనుకోండి. అది గోడ మధ్య నుంచి గోడ మధ్యకి కొలతా, లోపలి కొలతా? మధ్య నుంచి మధ్యకి అయితే, ఒకవైపు 9 అంగుళాల బయటి గోడ, ఎదురువైపు నాలుగున్నర అంగుళాల లోపలి గోడ ఉంటే, వాటిలో సగం చొప్పున ఆరుముప్పావు అంగుళాలు పోతాయి. రెండువైపులా పూత అరంగుళం చొప్పున మరో అంగుళం. పది అడుగులు కాస్తా 9 అడుగుల 4 అంగుళాలయ్యాయి. అదే లెక్కన 11 అడుగుల వైపు 10 అడుగుల 4 అంగుళాలు మిగులుతుంది.

ఇప్పుడు పొడవు గోడ వెంట 2 అడుగుల అల్మరా పెట్టండి. దాని ముందు మిగిలింది 7 అడుగుల 4 అంగుళాలు. మంచం తలవైపు చెక్కతో కలిపి 6 అడుగుల 10 అంగుళాలు. మంచం కాళ్లు అల్మరా వైపు ఉంటే మధ్యలో మిగిలేది ఆరంగుళాలే, అల్మరా తలుపు తెరుచుకోదు. మంచం తిప్పి పొట్టి గోడకి తల ఆనించి, ఒక పక్క గోడకి చేరిస్తే అల్మరాకీ మంచానికీ మధ్య 2 అడుగుల 4 అంగుళాలు వస్తుంది, కాళ్లవైపు మూడున్నర అడుగులు. బతకొచ్చు, కానీ గోడవైపు పడుకునేవాళ్లు రాత్రి లేవాలంటే పక్కవాళ్లను దాటాలి. అల్మరాకి పక్కకి జరిగే తలుపులు పెట్టడమా, దాన్ని వేరే చోటికి మార్చడమా, గది ఒక అడుగు పెంచడమా అన్నది మీ నిర్ణయం. “పడకగది సరిపోతుందా?” అన్న ప్రశ్నతో ఈ సంగతి ఏనాటికీ బయటికి రాదు.

ఎవరిని, ఏమడగాలి

అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టకండి. ముందు గట్టిగా మాట్లాడినవాళ్ల మాటే మిగతావాళ్ల నోట వస్తుంది. ఒక్కొక్కరికీ పెన్సిలు ఇచ్చి, ప్లాను మీద నడుస్తూ పైకి చెప్పమనండి. ఆ పావుగంట మీరు నోరు మెదపకూడదు. ఇది అనుకున్నంత తేలిక కాదు, “అది అలా ఎందుకు పెట్టామంటే...” అని మొదలుపెట్టాలని నాలుక పీకుతుంది. ఆపుకోండి. మీరు వివరిస్తేగానీ అర్థం కానిది ఏదైనా ఉంటే, దాన్నే రాసుకోవాలి.

వంట చేసేవాళ్లకి: “బజారు సంచులతో గేటు దగ్గర ఉన్నారు. సరుకులు సర్ది, కూర వండి, బల్ల మీద పెట్టి, గిన్నెలు కడగండి.” పెన్సిలు ఎన్నిసార్లు హాలు మధ్యలోంచి వెళ్లిందో చూడండి. పొయ్యి, సింకు, ఫ్రిజ్ మధ్య ఒక్కో దూరం 4 నుంచి 9 అడుగుల లోపు ఉండి, మూడూ కలిపి 26 అడుగులు దాటకపోతే నడక తగ్గుతుంది. పొయ్యికి రెండు పక్కలా కనీసం అడుగున్నర గట్టు లేకపోతే వేడి గిన్నె దించే చోటు ఉండదు.

పెద్దవాళ్లకి: “రాత్రి రెండింటికి లేచి బాత్‌రూముకి వెళ్లి రండి.” దారిలో ఎన్ని తలుపులు, ఎన్ని గడపలు, లైటు స్విచ్ ఏ చేతికి అందుతుంది? బాత్‌రూము తలుపు లోపలికి తెరుచుకుంటే, లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డం పడతారు, బయటివాళ్లు తెరవలేరు. చిన్న బాత్‌రూములో తలుపు బయటికి తెరుచుకోవడమో, పక్కకి జరగడమో మేలు. కమోడు మధ్యగీత నుంచి పక్క గోడకి 15 అంగుళాలు, ముందు 2 అడుగులు ఖాళీ ఉన్నాయో లేదో అక్కడే కొలవండి.

పిల్లలకి పెద్ద ప్రశ్నలు వద్దు. “బడి నుంచి వచ్చి బూట్లు ఎక్కడ విప్పుతావ్, సంచి ఎక్కడ పడేస్తావ్?” అంతే. చాలా ప్లానుల్లో చెప్పులకు చోటు ఉండదు, అది వాళ్ల వేలు చెబుతుంది.

ప్లంబరును నీళ్ల గొట్టాలు ఎక్కడ దిగుతాయో గీయమనండి. పై అంతస్తు బాత్‌రూము కింద వంటగదో భోజనాల బల్లో ఉంటే అప్పుడే కనిపిస్తుంది. మురుగు గొట్టం మంచం తలవైపు గోడలోంచి వెళితే ప్రతి ఫ్లష్షూ వినాల్సిందే.

మెట్లు మీరే సరిచూడండి

ఇది ఎవరినీ అడగక్కర్లేదు, లెక్కే. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య 10 అడుగుల 6 అంగుళాలు, అంటే 126 అంగుళాలు అనుకుందాం. మెట్టు ఎత్తు 7 అంగుళాలైతే 18 ఎత్తులు కావాలి. ప్లానులో 14 గీశారంటే ఒక్కో మెట్టు 9 అంగుళాలు, రోజూ ఎక్కలేరు. మధ్యలో ల్యాండింగ్‌తో తిరిగే మెట్లకు ఒక్కో వరుసలో 9 ఎత్తులు, 8 మెట్లు (తొమ్మిదో ఎత్తు ఎక్కితే ల్యాండింగో, పై అంతస్తో వచ్చేస్తుంది). మెట్టు వెడల్పు 10 అంగుళాలైతే 80 అంగుళాలు, ల్యాండింగ్ 3 అడుగులు, మొత్తం 9 అడుగుల 8 అంగుళాల పొడవు. గీసిన స్థలం అంతకంటే తక్కువుంటే గీసినవాళ్లు మెట్లను కుదించారన్నమాట.

ఇంకొకటి. ల్యాండింగ్ కింద టాయిలెట్ పెట్టాలన్న ఆశ చాలా ప్లానుల్లో ఉంటుంది. పై లెక్కలో ల్యాండింగ్ ఎత్తు 63 అంగుళాలు, స్లాబు మందం పోతే కింద 4 అడుగుల 10 అంగుళాలు కూడా మిగలదు. అక్కడ నిలబడలేం. సామాన్ల గదిగా సరిపోతుంది.

వచ్చిన మాటలు ఏం చేయాలి

పుస్తకంలో మూడు గడులు గీయండి: వాళ్లు చెప్పిన మాట, దాని వెనక ఉన్న ఇబ్బంది, మారిస్తే ఇంకేం కదులుతుంది. జనం ఇబ్బంది చెప్పరు, పరిష్కారం చెబుతారు. “హాలు పెద్దది చెయ్యండి” అన్న మాటనే తీసుకోండి. 16 × 12 హాలు చిన్నదేం కాదు. కానీ దానిలోకి ఐదు తలుపులు తెరుచుకుంటున్నాయి, తలుపు అడ్డం లేని గోడ అతి పొడవైంది 5 అడుగులే. ముగ్గురు కూర్చునే సోఫాకి 7 అడుగులు కావాలి. రెండు తలుపులను మూల వైపు జరిపితే గోడ దొరుకుతుంది, హాలు అంగుళం కూడా పెరగక్కర్లేదు.

మూడో గడి నింపకుండా ఏ గోడా జరపకండి. కింద గోడ జరిగితే పైన ఉన్న గోడకి ఆసరా పోవచ్చు, దూలం గది మధ్యకి రావచ్చు, పై బాత్‌రూము గొట్టం దిక్కు లేకుండా పోవచ్చు. ఆ గడిలో మీకు తోచనిది ఇంజినీరు చేత రాయించండి. ఒకరే చెప్పిన ఇబ్బంది అని కొట్టిపారేయొద్దు, ఆ ఒకరు రోజూ ఆ గదిలో ఉండేవాళ్లైతే అదే ముందు వరుసలోకి రావాలి. ఎప్పుడో ఒకసారి వచ్చే చుట్టాల మాట కింద ఉంచొచ్చు.

ఇలా రెండు విడతలు చేయండి. మూడోదానికి వెళితే పాత మార్పులే తిరిగి వస్తుంటాయి. రెండో విడత అయ్యాకే పిల్లర్లు, దూలాల డ్రాయింగ్ మొదలుపెట్టించాలి. ఆ తర్వాత తలుపు జరపడం తేలికే, పిల్లరు జరపడం తేలిక కాదు.

ఈ వారం అభ్యాసం

మీ ప్లానులో అతి చిన్న పడకగదిని ఎంచుకుని, లోపలి కొలతలతో నేల మీద సున్నంతో గానీ టేపుతో గానీ గీయండి. తలుపు, మంచం, అల్మరా కూడా గీసి ఇద్దరు మనుషులు ఒకేసారి అందులో తిరగండి. ఆరుబయట గీసిన గది అసలుకంటే చిన్నగా కనిపిస్తుంది, కంగారుపడి కొలతలు పెంచేయకండి. మోకాలు ఎక్కడ తగిలిందో, ఎవరు ఎవరికి అడ్డొచ్చారో మాత్రమే రాసుకోండి. ఆ కాగితం అట్టే పెట్టుకోండి, 5వ పాఠంలో కిటికీలు, గాలి, వెలుతురు చూసేటప్పుడు దానితోనే పని.