ఖరీదైన హెడ్‌ఫోన్లు ఎన్ని ఉంటే చాలు? లెక్క తేల్చుకునే పద్ధతి

ఒకప్పుడు మా బీరువాలో పట్టుచీరల అర కింద ఐదు హెడ్‌ఫోన్ల డబ్బాలు ఉండేవి. "ఉన్నవి రెండు చెవులేగా, ఇన్నెందుకు?" అని మా ఆవిడ అడిగితే, "నీకు ఇన్ని చీరలెందుకు?" అని ఎదురడిగి తప్పించుకునేవాణ్ణి. తీరా లెక్క చూసుకుంటే ఐదింటిలో రోజూ తలకెక్కుతున్నవి రెండే. మిగతా మూడూ సంక్రాంతి నుంచి డబ్బా దాటింది చాలా తక్కువ. అప్పుడు నేను మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒక్కో హెడ్‌ఫోన్‌కు ముప్పై వేలు, ఆపైన పెట్టే పిచ్చి ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. మామూలుగా పాటలు వినేవాళ్లకు ఒకటి చాలు, ఇంత తతంగం అక్కర్లేదు.

1. రెండు వారాలు చిట్టా రాయండి

ఏ రోజు, ఏది, ఎంతసేపు, ఎక్కడ కూర్చుని విన్నారో రాసుకోండి. ఫోన్ నోట్స్ చాలు. ఎంత బాగుందో రాయకండి, గంటలు మాత్రమే రాయండి. మనకు ఇష్టమైనదీ మనం వాడేదీ ఒకటే అనుకుంటాం, చిట్టా చూస్తే కాదని తెలుస్తుంది. నేను అందరికీ గొప్పగా చెప్పుకున్న బరువైన ప్లేనార్ (పలుచని పొర, అయస్కాంతాలతో పలికే రకం) రెండు వారాల్లో నలభై నిమిషాలు పలికింది. ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్ లాంటి ప్లేనార్లు 600 గ్రాముల పైమాటే. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 బరువు 260 గ్రాములు. రాత్రి భోజనమయ్యాక గంటన్నర కచేరీ వినాలంటే చెయ్యి దేని మీదికి పోతుందో వేరే చెప్పాలా?

2. వినే చోటును చూడండి

ఓపెన్ బ్యాక్ అంటే కప్పుల వెనక భాగం తెరిచి ఉండే రకం. శబ్దం విశాలంగా, గదిలో విన్నట్టు ఉంటుంది. కానీ పక్కన పడుకున్నవాళ్లకు మీ పాట, మీకు ఫ్యాన్ చప్పుడు వినిపిస్తాయి. మే నెలలో విజయవాడలో ఫ్యాను ఐదులో పెట్టుకుని ఓపెన్ బ్యాక్‌లో వీణ వింటే, మెల్లగా వాయించే చోట్ల సగం ఫ్యానే వింటాం. పోనీ ఫ్యాన్ ఆపేద్దామంటే ప్యాడ్ల కింద చెమట. క్లోజ్డ్ బ్యాక్ బయటి చప్పుడును కొంత ఆపుతుంది గానీ తోలు ప్యాడ్లతో వేడి ఎక్కువ.

అందుకే ఈ రెండూ ఒకదానికొకటి నిజంగా ప్రత్యామ్నాయం కావు. ఇంట్లో ప్రశాంతమైన వేళ ఒకటి, మనుషులున్నప్పుడు ఒకటి. ఇక్కడికి రెండయ్యాయి. ప్రయాణాల్లో వాడే బ్లూటూత్‌ను నేను ఈ లెక్కలో వేయను. కొన్నేళ్లకు దాని బ్యాటరీ ఎలాగూ నీరసిస్తుంది, అది చెప్పుల జత లాంటిది.

3. ఒకే పని చేసే కవలల్ని పట్టుకోండి

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. హెచ్‌డీ 600 వచ్చింది 1997లో, హెచ్‌డీ 650 వచ్చింది 2003లో. రెండింటి విద్యుత్ నిరోధమూ 300 ఓంలే, ఆకారం ఒకటే, స్వభావం కూడా దగ్గరే. 650లో బేస్ కాస్త నిండుగా, పైస్థాయి కాస్త మెత్తగా ఉంటుంది. ఆ తేడా గురించి రాత్రంతా వాదించుకోవచ్చు. రెండూ కొనాల్సినంత తేడా మాత్రం కాదు.

ఇలాంటి తేడాలు ఈక్యూతో (బేస్, పైస్థాయిలను పెంచి తగ్గించే సెట్టింగు) చాలావరకు వచ్చేస్తాయి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. "నాకు ఇంకొంచెం బేస్ కావాలి" అన్నదే కొత్తది కొనడానికి మీ కారణమైతే, ముందు ఉన్నదాంట్లో 100 హెర్ట్జ్ కింద మూడు డెసిబెల్స్ పెంచి వారం వినండి. నాకైతే కోరిక చాలాసార్లు అక్కడే చల్లారింది. ఈక్యూ చేయలేనివీ ఉన్నాయి: బరువు, బిగుతు, చెవి చుట్టూ చోటు, బయటి చప్పుడు ఆపడం. రెండో జతకు అసలు కారణాలు ఇవే.

ధర పెరిగితే శబ్దమూ అంత మెరుగవుతుందనుకునేవాళ్లకు ఒక మాట. 2017లో యెరూన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలను ధరలతో పోల్చి చూశాడు. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ (ఏ స్థాయి శబ్దాన్ని ఎంత సౌండుతో పలుకుతుందో ఆ కొలత) ధరకూ సంబంధం కనిపించలేదు. ఖరీదైనవన్నీ దండగ అని దీని అర్థం కాదు. తయారీ, సుఖం, దొరికే విడిభాగాలు వేరే సంగతి. కానీ లక్షన్నర పెట్టి కొన్నదాన్ని "అందుకే బాగుంది" అనకండి.

4. సౌండు సమం చేసి పోల్చండి

కొంచెం ఎక్కువ సౌండుతో పలికేది మన చెవికి మెరుగ్గా తోస్తుంది. పోల్చేముందు రెండింటిలోనూ ఒకే పాటలో ఒకే చోట గొంతు సమానంగా వినిపించేలా వాల్యూమ్ సరిచేయండి. తెలిసిన పాటలే పెట్టుకోండి. నేను మృదంగం తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం) ఒకటి, ఆడగొంతు ఒకటి పెట్టుకుంటాను. మృదంగంలో తొప్పి (ఎడమ) వైపు గంభీరమైన నాదం, వలంతలై (కుడి) వైపు మోత విడివిడిగా వినిపిస్తున్నాయా అని చూస్తాను. తలమీద బరువును బట్టి ఏదో తెలిసిపోతుంది కాబట్టి కళ్లు మూసుకుని వినడం పూర్తి పరీక్షేమీ కాదు. అయినా ధర తెలిసి వినడం కంటే నయం.

5. అజ్ఞాతవాసానికి పంపండి

అనుమానంగా ఉన్నదాన్ని డబ్బాలో పెట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, తమ్ముడింట్లోనో స్నేహితుడింట్లోనో నెల రోజులు ఉంచండి. ఎదురుగా ఉంటే "పాపం" అనిపించి తీస్తాం, అందుకే ఇంట్లో వద్దు. నెలలో ఎన్నిసార్లు నిజంగా కావాలనిపించిందో లెక్కపెట్టండి. నా మూడింటిలో ఒక్కదాని కోసమే ఫోన్ చేశాను.

6. వెనకొచ్చే ఖర్చు కలపండి

గోచిపాతను ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లి పాల కోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి కథ తెలుసుగా. హైఫైమాన్ సుస్వారా అనే హెడ్‌ఫోన్ సున్నితత్వం (కొద్ది కరెంటుకు ఎంత సౌండు వస్తుందో) 83 డెసిబెల్సే, ఫోన్‌కు అది లొంగదు. గట్టి యాంప్ (సౌండు పెంచే పెట్టె) కావాలి. తర్వాత డాక్ (డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం), తర్వాత కేబుళ్లు. స్టాక్స్ కంపెనీ ఎలక్ట్రోస్టాటిక్‌లకైతే (ఎక్కువ వోల్టేజీతో పలికే రకం) వేరే ప్రత్యేకమైన యాంపే ఉండాలి. విశాఖ, చెన్నై లాంటి తేమ ఊళ్లలో కృత్రిమ తోలు ప్యాడ్లు పొట్టు రాలతాయి, వాటి ఖర్చు కూడా వేయండి. ప్యాడ్లు దొరకని మోడల్ ఎంత బాగున్నా నేను కొనను.

7. అంకె రాయండి, కొత్తదొస్తే పాతది పోవాలి

నా లెక్కలో రెండు చాలు. మూడోది ఉండాలంటే డ్రైవర్ (లోపల శబ్దం పుట్టించే భాగం) రకమైనా, తొడుక్కునే సుఖమైనా బాగా వేరుగా ఉండి, అజ్ఞాతవాసం గెలవాలి. నాలుగోది సేకరణే. సేకరించడం తప్పు కాదు, కానీ దాన్ని వినడానికి కొన్నానని ఇంట్లో చెప్పకండి, నమ్మరు. మొదటి జీతంతో కొన్నది ఒకటి ఉంటే దాన్ని ఈ లెక్కలోంచి తీసేయండి.

వదిలించుకోవాల్సినవాటిని త్వరగా అమ్మండి, కొత్త వెర్షన్ వచ్చాక ధర పడిపోతుంది. నేను రెండు అమ్మితే పెట్టినదాంట్లో మూడోవంతు పోయింది. బిల్లు, డబ్బా, అసలు కేబుల్ దాచి ఉంచుకుంటే బేరం బాగా కుదురుతుంది. కొనేవాళ్లను ఇంటికి పిలిచి వినిపించండి, చిన్న గీతలున్నా ముందే చూపించండి.