దూరం షూటింగ్‌కి బుల్లెట్ బరువు: ముందు ట్విస్ట్ కొలవండి, తర్వాతే గ్రెయిన్లు చూడండి

దూరానికి బరువైన బుల్లెట్ మేలన్న మాట సగమే నిజం. మీ బ్యారెల్ సరిగ్గా తిప్పలేకపోతే ఎంత ఖరీదైన బుల్లెట్ అయినా టార్గెట్‌కి అడ్డంగా తగులుతుంది. అసలు చూడాల్సింది బుల్లెట్ పొడవు. ఒకే క్యాలిబర్‌లో బరువు పెరిగితే పొడవూ పెరుగుతుంది, పొడవు పెరిగితే వేగంగా తిరగాలి.

ట్విస్ట్ అంటే బ్యారెల్ లోపలి మెలికల గాడులు బుల్లెట్‌ని ఒక చుట్టు తిప్పడానికి పట్టే పొడవు; ఆ అంకె తగ్గేకొద్దీ బుల్లెట్ వేగంగా తిరుగుతుంది. దాన్ని కొలవడం తేలిక. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి. తిరిగే పిడి ఉన్న క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా ప్యాచ్ (తుడిచే గుడ్డముక్క) తొడిగి బ్యారెల్‌లోకి కొంచెం తోయండి. రాడ్ పైవైపు మార్కర్‌తో గీత పెట్టి, ఆ గీత ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేదాకా తోయండి. ఈలోగా రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో అదే మీ ట్విస్ట్. మూడుసార్లు కొలవండి, ప్యాచ్ జారితే లెక్క తప్పుతుంది.

.223 క్యాలిబర్‌లో 12 అంగుళాల ట్విస్ట్‌కి 55 గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలిచే ప్రమాణం), 9కి 69 వరకు, 8కి 77 లేదా 80, 7కి అంతకంటే బరువైనవి. 80 గ్రెయిన్లది సాధారణంగా మ్యాగజైన్‌లో పట్టదు, ఒక్కొక్కటే చేత్తో పెట్టుకోవాలి. .308లో 12 అంగుళాల ట్విస్ట్ 168, 175 రెండింటినీ మోస్తుంది.

మన ఊళ్లో చాలామంది పట్టించుకోనిది గాలి సాంద్రత. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడి అసలు వాయుపీడనం 950 హెక్టోపాస్కల్స్‌కి అటూ ఇటూ. రోహిణి కార్తెలో 40 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత సముద్రమట్టం ప్రమాణం కంటే 14 శాతం దాకా తక్కువ. పల్చటి గాలిలో బుల్లెట్ స్థిరత్వం పెరుగుతుంది. 9 అంగుళాల ట్విస్ట్‌లో 77 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్‌కి మిల్లర్ సూత్రం (ట్విస్ట్, బుల్లెట్ కొలతల నుంచి స్థిరత్వం లెక్కకట్టేది) ప్రకారం స్థిరత్వ సంఖ్య ప్రామాణిక గాలిలో దాదాపు 1.4. అదే ఇక్కడి మే నెలలో 1.6 అవుతుంది. 1.5 దాటితే నిశ్చింత. కాబట్టి వేసవిలో ఇక్కడ గుండ్రటి రంధ్రాలు చూసి మురిసిపోయి, అదే రౌండ్‌తో జనవరిలో ఢిల్లీ పోటీకి వెళ్తే అక్కడి చలిగాలిలో మళ్లీ 1.4 దగ్గరికి దిగుతుంది. బయట ఊళ్లలో ఆడేవాళ్లు ఆ చలికి లెక్కవేసే బరువు ఎంచుకోవాలి.

బుల్లెట్ దారిని లెక్కవేసే బాలిస్టిక్ యాప్‌లోనూ ఇదే తిరకాసు. వాతావరణ వార్తల్లో ఇచ్చేది సముద్రమట్టానికి సరిచేసిన పీడనం, వెయ్యికి పైనో దగ్గరలోనో ఉంటుంది. యాప్ స్టేషన్ ప్రెషర్ (మీరున్న చోటి అసలు పీడనం) అడిగితే ఆ అంకె కొట్టకండి. గాలి ఉన్నదానికంటే చిక్కగా ఉందని లెక్కవేసి, దూరం పెరిగేకొద్దీ మిమ్మల్ని పైకి కొట్టిస్తుంది.

బరువు పెరిగితే మొదటి వేగం తగ్గుతుంది, కానీ బాలిస్టిక్ కోఎఫిషెంట్ (గాలి నిరోధాన్ని బుల్లెట్ ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే అంకె) పెరుగుతుంది: 55 గ్రెయిన్లకి జీ1 అనే ప్రామాణిక బుల్లెట్‌తో పోల్చే లెక్కలో సుమారు 0.25, 77కి 0.37. ఆ తేడా పక్కగాలిలో తెలుస్తుంది. అయితే 300 మీటర్ల లోపే ఆడేవాళ్లకి అంత బరువు అక్కర్లేదని మా అభిప్రాయం. .308లో సియెర్రా 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ 300 మీటర్ల పోటీ కోసమే పుట్టింది. 1000 గజాల దగ్గర వేగం శబ్దవేగానికి దిగేసరికి దాని తోక భాగపు నిటారు కోణం వల్ల తూలుతుంది. అంత దూరానికి 175 గానీ, పాల్మా అనే దూరపు పోటీల తరహా 155 గానీ సరైనవి.

ఎంచుకున్న రెండు బరువుల్ని 100 మీటర్లలో ఐదేసి షాట్లు, రెండేసి గ్రూపులుగా కొట్టి చూడండి. రంధ్రం కోడిగుడ్డులా సాగితే ఆ బరువు పక్కన పెట్టేయండి. తర్వాత అసలు దూరంలో పైకీ కిందికీ ఎంత చెదురుతోందో చూడండి, అది ఎక్కువైతే వేగం నిలకడగా లేదేమో క్రోనోగ్రాఫ్‌తో పరీక్షించండి. రౌండ్లు ఎండలోనో కారు డిక్కీలోనో ఉంచితే పీడనం పెరుగుతుంది. ప్రైమర్ (తూటా వెనుక నిప్పు రాజేసే భాగం) చదునైనా, బోల్ట్ బిగుసుకున్నా పీడనం మితిమీరినట్టే, ఆపేయండి.

కుదిరిన రౌండ్ దొరికాక లైసెన్స్ పరిమితి అనుమతించినంత ఒకే లాట్ నంబర్‌లో (ఒకే విడతలో తయారైనవి) తీసుకోండి. లాట్ మారితే జీరో (సైట్ గురి సర్దుబాటు) మళ్లీ చూసుకోవాల్సిందే.